మెల్‌బోర్న్‌లో ట్రామ్ దగ్గర ఇల్లు వెతికేటప్పుడు

మనవాళ్లు ఎక్కువగా ఉండే టార్నీట్, పాయింట్ కుక్ వైపు ట్రామ్ పట్టాలే లేవు. పిల్లలున్న ఇంటికైతే నా ఓటు 109 నంబరు ట్రామ్ చివరి కొస, బాక్స్ హిల్‌కే. ట్రామ్ ఆగిపోయినా దగ్గర్లోనే రైలుంది, సిటీకి అదే త్వరగా వెళ్తుంది కూడా. 75 నంబరు వెళ్లే వెర్మాంట్ సౌత్ ప్రశాంతమే, కానీ సిటీకి దాదాపు గంట. రోజూ ఆఫీసుకు అదొక్కటే దిక్కంటే విసుగొస్తుంది.

మ్యాప్‌లో స్టాప్ కనబడగానే మురిసిపోకుండా వెళ్లి చూడండి. ఎత్తు ప్లాట్‌ఫారం ఉందా, నడిరోడ్డు మీద దిగాలా? ప్లాట్‌ఫారం ఉన్నా, ఆ రూటులో మెట్లున్న పాత బండ్లు తిరుగుతుంటే ప్రామ్‌ని (పిల్లల తోపుడుబండిని) ఎత్తి ఎక్కించాల్సిందే. రోడ్డు మీద దిగే చోట, ఆగిన ట్రామ్ వెనకే కార్లు ఆగాలని రూలు. అయినా పిల్లాడి చెయ్యి పట్టుకుని, వెనకనుంచి ఏదీ రావడం లేదని చూశాకే దిగాలి.

పట్టాలు మలుపు తిరిగే చోట చక్రాలు కీచుమంటాయి. రెండు వీధులు లోపలికి వెళ్తే నయం. మెయిన్ రోడ్డు ఇళ్ల ముందు క్లియర్‌వే బోర్డుంటే, దాని మీద రాసిన వేళల్లో కారు పెట్టకూడదు, పెడితే టో చేసి లాక్కెళ్తారు.

అన్నిటికన్నా ముఖ్యం స్కూలు జోన్, అంటే ఇంటి అడ్రసును బట్టి ఏ ప్రభుత్వ స్కూలు మీదవుతుందో ఆ హద్దు. ‘బాల్విన్ హై (స్కూలు) జోనేనండీ’ అన్న ఏజెంటు మాట చాలదు. ‘ఫైండ్ మై స్కూల్’ సైట్‌లో ఇంటి నంబరుతో సహా అడ్రసు కొట్టి, పిల్లాడు చేరే సంవత్సరం ఎంచుకోండి. ప్రైమరీకి, హైస్కూలుకి విడివిడిగా చూడాలి, రెండు జోన్లూ ఒకటి కావు.