కాలు నొప్పే కదా అన్నారు

మా అమ్మ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, చేపలు తోముతూ, మాట్లాడుతూ. సిక్కోలు, అదే శ్రీకాకుళం వైపు అది వింతేమీ కాదు. పదహారో ఏట నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. పెళ్లయి టౌనుకొచ్చి టైలరింగ్ షాపు పెట్టాక మానేసినట్టే కనబడ్డాను గానీ, రాత్రి పెరట్లో ఒకటి, తెల్లారగట్ల ఒకటి ఉండేవి. ముందే ఎందుకు చెప్తున్నానంటే, కాలు చూపించుకోడానికి ఇద్దరు డాక్టర్ల దగ్గరకి వెళ్తే ఇద్దరూ పొగ సంగతి మా ఆయన్నే అడిగారు. ఆయనకి అలవాటు లేదు. రోగిని నేను. నోరు మూసుకుని కూర్చున్నాను.

2019 దీపావళి దాటాక మొదలైంది. మిషను తొక్కుతుంటే కుడి పిక్క పట్టేసేది. ఏడు రోడ్ల కూడలి నుంచి మార్కెట్టుకి నడిచేలోగా రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. ఆగితే నొప్పి పోయేది, నడిస్తే మళ్లీ వచ్చేది. షుగరు ఉంది కదా, నరాల బలహీనత అనుకుని బీ కాంప్లెక్స్ మింగాను. ఫిబ్రవరిలో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీశాక తేలింది, తొడ దగ్గర రక్తనాళం పూడుకుపోతోందని. గుండెకి వచ్చే జబ్బే కాలికి వచ్చింది. రక్తం పలచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాటితో కొలెస్ట్రాల్ మాత్ర రాసి, విశాఖలో సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్, తీయించుకోమన్నారు. మార్చి 24కి టైమిచ్చారు.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజు ఆగిన బస్సులు మళ్లీ కదల్లేదు. ఫోను చేస్తే, "ఎమర్జెన్సీ కానివన్నీ వాయిదా వేశాం, మేమే పిలుస్తాం" అన్నారు. పిలవలేదు. వాళ్లని మాత్రం ఏమనగలను, అప్పుడు లోకమంతా అలాగే ఉంది. ఏప్రిల్లో మా డ్వాక్రా సంఘానికి మాస్కులు కుట్టే పని వచ్చింది, ప్రభుత్వం మనిషికి 3 చొప్పున పంచినవి. పొద్దస్తమానం మిషను మీదే. ఏప్రిల్ ఆఖరి వారం దాకా మా జిల్లాలో ఒక్క కేసూ లేదు, అదొక ధైర్యం. మాత్రలు నిండుకుంటుంటే రోజు విడిచి రోజు వేసుకున్నాను. అది మాత్రం నా తప్పే.

జూన్లో రాత్రిళ్లు పాదం మంట మొదలైంది. కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త నయం. కుర్చీలో కూర్చునే నిద్రపోయేదాన్ని. ఫోనులోనే డాక్టరుతో మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన 14410 నంబరుకి మా అబ్బాయి ఫోను చేశాడు. లైన్లోకి వచ్చిన డాక్టరమ్మ, "పడుకుంటే నొప్పి, కాలు దించితే తగ్గుతోందా?" అని నేను చెప్పకముందే అడిగింది. "ఫోనులో చూసే జబ్బు కాదమ్మా ఇది, ఈ వారంలోనే ఎక్కడైనా చూపించుకోండి" అంది. నేను నెల ఆగాను. ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుతుందన్న భయం ముందు కాలు ఎంత!

జూలై నెలాఖరు. రాత్రి పదకొండు. పిక్కలో కత్తెర దిగినట్టయి లేచాను. లైటు వేసి చూస్తే ఎడమ పాదం నాది, కుడి పాదం ఎవరిదో. మైనంలా తెల్లగా ఉంది. పట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లన. "వేళ్లు కదుపమ్మా" అన్నాడు మా అబ్బాయి. కదుపుతున్నాననే అనుకున్నాను. కదల్లేదు.

పక్కింటి తమ్ముడి ఆటోలో ఊళ్లో ఒక ఆసుపత్రికి వెళ్లాం. గేటు దగ్గర కుర్రాడు నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూశాడు. డ్యూటీ డాక్టరు తలుపు దాకా వచ్చి ఆగాడు. "కాలు నొప్పే కదా. బెడ్లు కోవిడ్ వాళ్లకే లేవు. ఇంజెక్షన్ రాస్తాను, సోమవారం రండి" అన్నాడు.

"సార్, ఒక్కపాలి ముట్టుకు చూడండి సార్" అన్నాడు మా అబ్బాయి. ముట్టుకోలేదు. గ్లౌజులు వేసుకునే ఉన్నాడు.

ఆటో తిప్పుతుంటే ఆ గేటు కుర్రాడు దగ్గరకొచ్చాడు. "అమ్మా, బేగి వైజాగ్ ఎల్లిపోండి. మా తాతకి ఇలాగే తెల్లబడిపోయింది, కాలు తీసేసారు" అన్నాడు. ఆ మాట వినగానే మా ఆయన రోడ్డు మీదే కూలబడిపోయాడు. కానీ ఆ మాటే లేకపోతే మేం ఇంటికి పోయేవాళ్లం.

మేనల్లుడి కారులో బయల్దేరాం. రాత్రి కర్ఫ్యూ. దారిలో పోలీసాయన టార్చి నా పాదం మీద వేసి చూసి, ఏమీ అడక్కుండా పంపేశాడు. ఎచ్చెర్ల, రణస్థలం, భోగాపురం, తగరపువలస. ఒక్కో ఊరూ దాటుతుంటే అరసవల్లి సూర్యనారాయణుడికి ఒక్కో మొక్కు. దారిలో నొప్పి తగ్గుతోందని సంతోషించాను కూడా. అది తగ్గడం కాదు, స్పర్శ పోవడం అని తర్వాత తెలిసింది.

విశాఖలో ఒక డాక్టరు పీపీఈ కిట్లోనే వచ్చి రెండు చేతులతో నా పాదం పట్టుకున్నాడు. ఆ మనిషి మొహం నాకు ఈరోజుకీ తెలీదు, కళ్లే తెలుసు. రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న మిషను పాదం మీద పెడితే చప్పుడు లేదు. "ఎన్నింటికి మొదలైంది? ఆరు గంటల్లోపు రక్తం పారాలమ్మా" అన్నాడు. అప్పటికే మూడు కావస్తోంది. యాంటిజెన్ టెస్టుకి అరగంట. ఆ అరగంట చెప్పలేను. నెగెటివ్. గజ్జల్లో చిన్న కోత పెట్టి, బెలూన్ ఉన్న ట్యూబుతో నాళంలో అడ్డుపడ్డ రక్తం గడ్డ లాగేశారు. తర్వాత నాళం మూసుకోకుండా స్టెంటు వేశారు. ఖర్చు సంగతి రాయను, గాజులు పోయాయి. నెలల తరబడి రక్తం చాలక ముందే చచ్చుబడిన రెండు వేళ్లు కూడా పోయాయి. కాలు ఉంది.

వార్డులోకి ఇంట్లోవాళ్లని రానివ్వలేదు. అదీ మంచికే అయింది. మూడో రోజు డాక్టరు ఒక్కడే ఉన్నప్పుడు చుట్ట సంగతి చెప్పేశాను. తిట్టలేదు. "ఎన్నేళ్లు?" అన్నాడు. "నలభై." తల పైకెత్తి ఒకసారి చూసి రాసుకున్నాడు. "వేళ్లు పోగొట్టింది షుగరొక్కటే కాదమ్మా. ఇంక ఒక్కటి ముట్టించినా స్టెంటు మూసుకుపోతుంది" అన్నాడు. మానేశాను. మధ్యలో రెండుసార్లు తప్పాను, అబద్ధమెందుకు.

షుగరున్నవాళ్లు రోజూ రెండు పాదాలూ పట్టుకు చూసుకోండి. ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంటే సోమవారం దాకా ఆగకండి. రక్తం పలచబడే మాత్రలు పొదుపు చేయకండి. మీ అమ్మనీ, అత్తనీ కూడా పొగ సంగతి అడగండి, మగవాళ్ల ముందు కాదు.

ఇప్పుడు నాగావళి గట్టు మీద రోజూ నడుస్తున్నాను. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవమన్నారు. రథసప్తమికి మొక్కు తీర్చుకున్నాక, స్వీట్ల డబ్బా పట్టుకుని ఆ ఆసుపత్రి గేటు దగ్గరకి వెళ్లాను. కుర్రాడు లేడు. పని మానేసి చెన్నై వెళ్లిపోయాడన్నారు. డాక్టరు మాత్రం లోపలే ఉన్నాడట. డబ్బా వెనక్కి తెచ్చేసుకున్నాను.