హీరో ఏడీ?

చిన్నాడు అన్న మాట ఒకటి బుర్రలో తిరుగుతోంది. నిద్ర రావట్లేదు కాబట్టి మీకు శిక్ష.

మ్యాట్రిక్స్ అనే ఇంగ్లీషు సినిమాల్లో మొదటి రెండూ నోరు తెరుచుకుని చూసినవాడు, ఇవాళ మూడోది సగంలో ఉండగా ఫోన్ తీసి, "అమ్మా, హీరో ఏడీ?" అన్నాడు. మా ఆయన అప్పటికే గుర్రు. ఆయన సంగతి మీకు కొత్త కాదు.

ఒళ్ళు మండింది. కానీ వాడు అడిగినదాంట్లో తప్పేముంది? మనుషులకి మిగిలిన ఒకే ఒక్క నగరం జయన్, దాని మీదకి యంత్రాలు గుంపులుగా దిగుతాయి. ఇనుప కవచాల్లో కూర్చుని మనుషులు కాలుస్తూనే ఉంటారు, గుళ్ళు అయిపోతాయి, మళ్ళీ నింపుతారు, మళ్ళీ కాలుస్తారు. ఆ మిఫునే ఎవరు? ఆ కుర్రాడెవడు? వాళ్ళు చస్తారేమోనని నేనెందుకు బెంగపడాలి? హీరో నియో, అతని జోడీ ట్రినిటీ ఏమో ఎక్కడో ఓడలో. పెళ్ళికొడుకు రాకుండానే బంతి భోజనాలు నడుస్తున్నట్టుంది. మార్ఫియస్‌ని చూస్తే మరీ జాలి. మొదటి సినిమాలో అంత గురువు, ఇందులో నయోబీ అనే కెప్టెన్ ఓడ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్నాడు! పాత్రని ఇలా మూలన పడేసినందుకు నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. డబ్బంతా జయన్‌లో ఓడలు ఆగే డాక్ దగ్గర జరిగే ఆ యుద్ధానికే పోసినట్టున్నారు, ఎంత ఖర్చయిందో అంతా చూపించి తీరాలన్న పంతం.

2003 నవంబర్లో హాస్టల్ గుంపుతో వెళ్ళినప్పుడూ ఇంతే గొణిగాను. ఆఖర్న పేర్లు పడుతున్నాయి, మన హాళ్ళ సంగతి తెలుసుగా, లైట్లు వేసేశారు, తలుపులు బార్లా తీశారు, జనం స్కూటర్ తాళాలు వెతుక్కుంటున్నారు. అప్పుడు స్పీకర్లలోంచి "అసతో మా సద్గమయ". నిలబడ్డవాళ్ళం నిలబడ్డట్టే కూర్చున్నాం. మా రూమ్మేట్ స్కూల్ అసెంబ్లీలో రోజూ ఆ శ్లోకం చెప్పించేదట. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని అందుకుంది, కింద ఆ డప్పుల హోరు, పైన దీని గొంతు. చీపురు పట్టుకుని వచ్చినతను ఆగి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. గేటు మూసేలోపు హాస్టల్‌కి చేరాలని తెలిసి కూడా ఎవరం కదల్లేదు. ఆ రాత్రి వార్డెన్ ఏమందో ఇంకో టపాలో రాస్తాలెండి.

అసలు వానలో విలన్ స్మిత్‌తో చివరి ఫైటు నడుస్తున్నప్పుడు కోరస్ పాడేదీ ఆ శ్లోకమే. బృహదారణ్యకోపనిషత్తులోది. చీకటి నుంచి వెలుగుకి తీసుకెళ్ళమనేది. ఆ పాటికి బయట, అంటే యంత్రాలు అల్లిన మ్యాట్రిక్స్ అనే మాయ దాటి ఉన్న నిజం లోకంలో, నియోకి కళ్ళు పోయాయి, యంత్రాల నగరం మాత్రం బంగారు వెలుగులా కనిపించింది. ఇంతసేపూ హీరో చేతులెత్తేశాడనే విసుక్కుంటున్నాను గానీ, ఇది రాస్తుంటే అలా అనిపించట్లేదు. స్మిత్ నియో వల్ల తయారైనవాడు. ఎంత కొట్టినా లేస్తాడు. ఇక కొట్టడం మానేసి, వాణ్ణి తనలోకి రానిస్తేనే గదా ఆ లెక్క చెల్లింది! రైల్వే స్టేషన్లో నియోకి ఎదురయ్యే ఆ రామకంద్ర కూడా అంతే. పవర్ ప్లాంట్‌లో రీసైక్లింగ్ చూసుకునే ఉద్యోగి, కూతురు సతి బతకాలని గిట్టనివాడితో బేరం కుదుర్చుకున్న తండ్రి. ఒక్క తుపాకీ మోత లేదు ఆ సీన్లో. ఎప్పుడు చూసినా నాకు గొంతు పట్టేస్తుంది.

జోస్యం చెప్పే ఆరకిల్ పాత్ర విషయం కూడా. మొదట వేసిన గ్లోరియా ఫాస్టర్ 2001లో పోతే మేరీ ఆలిస్ వచ్చింది. రూపం మారడాన్ని కథలోకే లాక్కున్నారు, అతుకు కనపడదు.

అయినా సరే, ఆ డాక్ యుద్ధాన్ని సగానికి కోసెయ్యాల్సిందే. ఈ విషయంలో చిన్నాడిదీ నాదీ ఒకటే పార్టీ.

వాడు పడుకోబోతూ "నాలుగోది ఉందట కదా, రేపు పెట్టు" అన్నాడు. 2021లో వచ్చింది, ఉంది. కానీ మూడో దాంట్లో ట్రినిటీ మబ్బులు దాటి ఒక్క క్షణం నిజమైన ఆకాశం చూసి, కిందపడి చచ్చిపోయింది. ఆ ఒక్క ముక్క కోసం నేను మిగతాదంతా భరిస్తాను. నాలుగో దాంట్లో నియోనీ ట్రినిటీనీ ఇద్దర్నీ లేపి కూర్చోబెట్టారు. పెట్టను గాక పెట్టను. రిమోట్ ఎక్కడ దాచానో మా ఆయనకి మాత్రం చెప్పకండి.