పికిల్ వేసిన సల్సా, పుల్లపుల్లగా, ఇంట్లోనే

సూపర్‌మార్కెట్లో సీసాల్లో అమ్మే సల్సా (మెక్సికో వాళ్ళ టమాటా పచ్చడి లాంటిది) ఉంది చూడండీ, నన్నడిగితే అది కాస్త కారం తగిలించిన టమాటా సాస్, అంతే. సీసాలో నెలల తరబడి నిలవుండాలంటే ఉడకబెట్టక తప్పదు, ఉడికినాక ఇంక టమాటాకి ఆ పచ్చివాసన, ఎర్రగడ్డకి ఆ కరకర ఎక్కడుంటాయ్? పైగా చక్కెర ఒకటి. మాది మదనపల్లె వైపు, టమాటా లారీలు చూస్తా పెరిగినోళ్ళం, ఈ ఒక్క విషయంలో మాకు పొగరు కొంచెం ఎక్కువే అనుకోండి, కానీ బెంగళూరులో ఉండి, పక్కనే కోలారు టమాటా మార్కెట్ పెట్టుకుని, సీసా సల్సా కొనడానికి నాకైతే చెయ్యి రాదు.

నేను చేసేదానికి బేస్ మెక్సికో వాళ్ళ పీకో దె గాయో. టమాటా, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు, అన్నీ పచ్చివే, సన్నగా తరిగి కలపడమే. వాళ్ళకి మూడు కాళ్ళ నల్లరాతి రోలు ఉంటది, మోల్కహెతె అంటారు, అందులో నూరే సల్సాలు వేరే ఉన్నాయ్, ఇది మాత్రం తరిగేదే, మిక్సీ జోలికి పోవద్దు. పోతే పల్చటి ఎర్రనీళ్ళు, పైన నురగ, అది చిప్స్ మీద నిలవదు. ఇందులో కీరా పికిల్, అంటే వినిగర్‌లో ఊరేసిన కీరా ముక్కలు, వెయ్యడం మాత్రం మెక్సికో పద్ధతి కాదు, వాళ్ళు వినిగర్‌లో వేసేది హలపీన్యో మిరపకాయలు, తోడుగా క్యారెట్, ఉల్లి. కీరా పికిల్ అమెరికా బర్గర్ల అలవాటు. రెండూ కలిపేశాను, ఒరిజినల్ కాదు కదా అని ఎవరన్నా అంటే, అవును కాదు, తిని చూసి మాట్లాడండి.

అసలు పికిల్ ఎందుకంటే పులుపు కోసమే, కాకపోతే నిమ్మకాయ పులుపు వేరు ఇది వేరు. నిమ్మరసం నీళ్ళలో కలిసిపోయి గిన్నె మొత్తం ఒకే పులుపు అయిపోద్ది, నాలిక్కి తగిలి వెంటనే పోతది, పైగా రాత్రి పిండింది పొద్దునకి ఆ తాజా వాసన పోయి ఓ రకంగా అయిపోద్ది. పికిల్ ముక్కైతే పులుపు దాని లోపలే దాచుకుని ఉంటది, టమాటా మెత్తగా, తియ్యగా తగుల్తా ఉండగా మధ్యలో ఒకటి టక్కున పంటి కింద పడతది చూడండి, అక్కడ ఉంది మజా అంతా.

సీసా పికిల్ కొనేవాళ్ళు స్వీట్ అని రాసినవి వద్దు, ఉప్పు వినిగర్‌వి తీసుకోండి. ఘర్కిన్ (పికిల్‌కి వాడే చిన్న కీరా) అంటే ఏదో ఫారిన్ సరుకనుకుంటాం గానీ 1990ల మొదట్నుంచి కర్ణాటక రైతులు కంపెనీలతో ఒప్పందం మీద పండిస్తానే ఉన్నారు, తర్వాత తమిళనాడు, మన ఆంధ్ర, తెలంగాణల్లో కూడా మొదలైంది, పండిందంతా దాదాపు ఎగుమతికే పోతది. అంటే తుమకూరు రోడ్డు మీద మనం దాటిపోయే పొలంలో కాసిన కాయ ఎక్కడో యూరప్‌లో బర్గర్లో ఉండొచ్చు, మన సంతలో మాత్రం పచ్చి ఘర్కిన్ కంటికి కనపడదు. అందుకే నేను చిన్న సైజు లేత కీరాతో ఇంట్లోనే వేస్తాను. గింజలు ముదిరిన లావు కీరా పనికిరాదు, మధ్యలో అంతా నీళ్ళే. దొండకాయ కూడా బాగుంటది తెలుసా, లేతవి నిలువుగా నాలుగు చీలికలు చేసి వేస్తే కీరా కంటే కరకరలాడతాయ్.

పికిల్ పెద్ద పనేం కాదు. వినిగర్ ఒక కప్పు, నీళ్ళు ఒక కప్పు, ఉప్పు ఒక టేబుల్ స్పూన్, చక్కెర అర టీస్పూన్, ఆవాలు, మిరియాలు కొన్ని, తెల్లగడ్డ రెబ్బలు నాలుగు చితక్కొట్టి, స్టీలు గిన్నెలో ఒక పొంగు రానిచ్చి (అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకి అది పడదు) సీసాలో ముక్కల మీద పోసెయ్యడమే. కీరా రెండు కొసలూ కోసి పారెయ్యండి, ముఖ్యంగా పువ్వు ఉండే వైపు, ఆ కొసలో ఉండే ఎంజైములే ముక్కని మెత్తబరుస్తాయి. ఇంక బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఒక అదృష్టం, సబ్బసిగె సొప్పు. ఇక్కడ తోపుడు బండి మీద కూడా కట్టలు కట్టలు పెట్టి అమ్ముతారు, అక్కిరొట్టెలో (బియ్యప్పిండి రొట్టె), వడల్లో వేసుకుంటారు, అదే ఫారిన్ పికిల్ సీసాల మీద డిల్ అని రాసుండేది! అదే ఆకు సూపర్‌మార్కెట్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రేటు కట్టడం చూస్తే నవ్వొస్తది. నాలుగు రెమ్మలు సీసాలో దూర్చండి. చల్లారినాక ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి రెడీ, రెండు వారాల్లోపు వాడెయ్యండి. ఇది మన ఆవకాయ మాదిరి బయట అటక మీద పెట్టుకునేది కాదు.

ఇప్పుడు టమాటా. ఇక్కడ కూరగాయల షాపులో రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి, నున్నగా గట్టిగా కోలగా ఉండేది హైబ్రిడ్, కొంచెం గుండ్రంగా, భుజాల దగ్గర గీతలు పడి వంకరటింకరగా ఉండేది నాటి. రసానికి, చారుకి నాటినే మేలు, అందులో డౌటే లేదు. సల్సాకి మాత్రం నేను సగం సగం వేస్తాను, మా ఊళ్ళో వింటే తిడతారేమో గానీ, నాటిలో పులుపు ఉంది, కండ లేదు, హైబ్రిడ్‌లో కండ ఉంది, రుచి లేదు. పావు కేజీ పైన ఉండేలా నాలుగు కాయలు తీసుకుని, గింజల గుజ్జు కొంచెం తీసేసి, బఠాణీ గింజంత ముక్కలు తరిగి, అర టీస్పూన్ ఉప్పు చల్లి జల్లిగిన్నెలో వేసి కింద ఇంకో గిన్నె పెట్టి పావుగంట వదిలెయ్యండి. ఉప్పు నీళ్ళని బయటికి లాగేస్తది, కింద గిన్నెలో లేత గులాబీ రంగు నీళ్ళు చేరతాయి, అవి పారబోస్తే పాపం, చార్లో పోసుకోండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, అందుకే వాళ్ళ సల్సా అడుగున మడుగు కడతది.

ఎర్రగడ్డకి వస్తే, చిక్కబళ్ళాపురం వైపు పండే రోజ్ ఆనియన్ దొరికితే అదే వాడండి, 2015లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు పంట అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది దీనికి. చిన్నగా, ముదురు గులాబీ రంగులో, మంచి ఘాటు. ఘాటు మరీ ఎక్కువనిపిస్తే తరిగినాక రెండు స్పూన్ల పికిల్ నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే దారికొస్తది, రంగు కూడా ఇంకా బాగా తేల్తది. ఐదారు చిన్నవి చాలు. పచ్చిమిర్చి రెండు, కారం తినలేని వాళ్ళుంటే బజ్జీ మిరపకాయ ఒకటి గింజలు తీసి. కొత్తిమీర కాడలతో సహా.

కలిపే వరస ముఖ్యం. ముందు ఎర్రగడ్డ నానబెట్టిన నీళ్ళతో సహా, మిర్చి, తర్వాత వడకట్టిన టమాటా, కొత్తిమీర, అర చెక్క నిమ్మరసం, అన్నీ అయినాక చివర్లో పికిల్ ముక్కలు, సన్నగా తరిగినవి ఒక అరకప్పు. రుచి చూసి పులుపు చాలకపోతే సీసాలోంచి ఇంకో స్పూన్ పికిల్ నీళ్ళు. ఉప్పు మాత్రం చివరిదాకా మళ్ళీ ముట్టుకోవద్దు, ఆ నీళ్ళలో ఉన్నది చాలు. ఫ్రిజ్‌లో అరగంట ఉంచితే ఒకదానికొకటి పడతాయి, అంతకంటే ఆగక్కర్లేదు.

మా అమ్మ ఊర్నుంచి వచ్చినప్పుడు ఈ గిన్నె మూత తీసి చూసి, "ఏమే ఇది, అన్నీ పచ్చివే తరిగి పెట్టినావు, తిరవాత వెయ్యలేదా?" అనింది (తిరవాత అంటే తాలింపు). లేదమ్మా ఇది ఇట్లనే తినాలి అంటే ఒక స్పూన్ నోట్లో వేసుకుని, "బాగుంది గానీ మన ఊరగాయ వేసుంటే ఇంకా బాగుండు" అని తీర్పు చెప్పేసింది. ఆ ముచ్చటా చూశాం. ఆవకాయ అస్సలు కుదరదు, నూనె వెళ్ళి ప్రతి ముక్కకీ పట్టుకుంటది, ఆవపిండి ముందు కొత్తిమీర సోదిలో లేకుండా పోతది. టమాటా ఊరగాయైతే మరీ, టమాటా మీద టమాటా. కానీ నిమ్మకాయ ఉప్పులో ఊరేసి ఉంటది కదా, ఇంకా కారం, నూనె కలపక ముందు, ఆ చెక్క ఒక్కటి తీసి గింజలు లేకుండా సన్నగా తరిగి వేస్తే అబ్బా, ఆ తొక్క చేదు, పులుపు, ఉప్పు, మూడూ కలిపి కీరా పికిల్‌కి దీటుగా నిలబడింది. ఈ ఐడియా మా అమ్మదే, క్రెడిట్ ఇవ్వకపోతే ఊరుకోదు. అది వేసినప్పుడు నిమ్మరసం మానెయ్యండి.

దేంతో తినాలి అంటే మొక్కజొన్న చిప్స్ సరే, అవి ఎట్లానూ ఉన్నాయి, నిప్పట్లతో (చెక్కలు) తినండి. ఇక్కడ గాంధీ బజార్, వీవీ పురం వైపు నిప్పట్టు మసాలా అని అమ్ముతారు కదా, నిప్పట్టు మీద తరిగిన కూరగాయలు, కారం, పైన సేవ్ వేసి, ఆ లెక్కే. ఇంటి నిప్పట్టు మీద ఒక స్పూన్ సల్సా, పైన నాలుగు కాంగ్రెస్ కడలేకాయి (కారం పట్టించిన వేరుశనగ) బద్దలు, నిలబడే తినెయ్యాలి, ప్లేట్లో సర్దిపెట్టి చుట్టాల్ని పిలిచేలోపు మెత్తబడిపోతది. గుడ్డు దోసె మీద కూడా వేస్తాను, దోసె తిప్పినాక, స్టవ్ ఆపేసి.

మిగిలితే రెండు రోజులు ఫ్రిజ్‌లో ఆగుతది, అంతకు మించితే పికిల్ ముక్క కూడా కరకర పోయి అన్నీ ఒకటే రుచి అయిపోతాయి. అప్పుడు నీళ్ళు పిండేసి ఆమ్లెట్లో వేసెయ్యండి, లేదంటే గట్టి పెరుగులో కలిపి, మా అమ్మ అడిగిన తిరవాత అప్పుడు వేసి, చపాతీలోకి పెట్టుకోండి.