అమెరికాలో, లీస్ ఫెర్రీ దగ్గర కొలరాడో నది

పైన ఎండ మాడ్చేస్తోంది. నదిలో చెయ్యి పెడితే జివ్వుమంది! ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ ఉంది కదా, జలాశయం లోతుల్లోంచి నీళ్ళు వదులుతుంది. 1963 నుంచీ ఇదే తంతు. అంతకుముందు ఇదే నది వేసవిలో వెచ్చగా, ఎర్రటి బురదతో పారేదట.

ఆ వెచ్చదనానికి అలవాటుపడ్డ చేప హంప్‌బ్యాక్ చబ్. వీపు మీద మూపురంతో వింతగా ఉంటుంది (నాకు ముద్దుగానే అనిపించింది, ఫొటోలో లెండి). చల్లబడ్డ నదిలో సంతానం నిలవక, వెచ్చటి ఉపనది లిటిల్ కొలరాడోని పట్టుకుని బతికింది.

తర్వాత కరువొచ్చి జలాశయం తగ్గింది. పైపొరల్లోని వెచ్చటి నీళ్ళు కిందికి రావడం చబ్‌కి కలిసొచ్చింది. 2021లో దాన్ని ‘అంతరించిపోతున్న’ స్థాయి నుంచి ‘ముప్పున్న’ స్థాయికి మార్చారు. హమ్మయ్య అనుకునేలోపే, 2022లో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప డ్యామ్ దాటి దిగువన పిల్లలు పెట్టడం మొదలెట్టింది. చిన్న చేపల్ని మింగేసే రకం అది. చల్లటి నీళ్ళలో దాని సంతతి పెరగదు కాబట్టి, దాన్ని ఆపడానికి 2024లో మళ్ళీ చల్లనీళ్ళు కలిపి వదిలారు! నన్నడిగితే ముందు ఆ బాస్ డ్యామ్ దాటకుండా అడ్డుకట్ట వెయ్యాలి, వెచ్చదనం సంగతి ఆ తర్వాత.