'చూద్దాం' అంటే కాదనే కదా

"నువ్వు చూశావు. నోట్‌బుక్‌లో రాసుకున్నావు కూడా. మరి ఆయన అడిగినప్పుడు ఎందుకు దాచావు?"

మా సీనియర్ ఈ మాట అడిగింది కారులో. నెదర్లాండ్స్‌లో, వెస్ట్‌ల్యాండ్ నుంచి రోటర్‌డామ్ ఆఫీసుకి తిరిగి వస్తున్నాం. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. సిగ్నల్ దగ్గర బండి ఆగితే రోడ్డు వైపే చూస్తూ, టైమెంత అయిందని అడిగినంత మామూలుగా అడిగింది. ముందు రోజు రాత్రి నా నోట్సు మొత్తం చదివిందట. అరిచి ఉంటే కాసేపు ఏడ్చి మర్చిపోయేదాన్నేమో. 'తప్పు చేశావు' అన్నా ఒప్పుకునేదాన్ని. 'దాచావు' అంది. ఆ మాట అప్పటి నుంచి నన్ను వదలడం లేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్ళో ఎవరడిగినా నాయన "కంపెనీలకి సలహాలు చెప్తాది" అంటాడు, అది సగమే నిజం. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో స్ట్రాటజిక్ ప్రొడక్ట్ డిజైన్‌లో మాస్టర్స్ చేశాను. చదువయ్యాక ఇక్కడ పని వెతుక్కోవడానికి ఒక ఏడాది పర్మిట్ ఇస్తారు, జుక్‌యార్ అంటారు దాన్ని. అది సగం గడిచాక పద్నాలుగు మంది ఉన్న ఒక చిన్న సంస్థలో ఇన్నొవేషన్ కన్సల్టెంట్‌గా చేరాను. ఎవరైనా కొత్త వస్తువు చేయాలనుకుంటే, అది నిజంగా ఎవరికి కావాలో వెళ్ళి చూసి, మాట్లాడి, రాసుకొచ్చి చెప్పడం మా పని. కొన్నిసార్లు దానికి ప్రభుత్వ రాయితీ కాగితాలు కూడా మేమే రాసిపెడతాం.

వెస్ట్‌ల్యాండ్‌ని ఇక్కడి వాళ్ళు గాజు నగరం అంటారు. డెల్ఫ్ట్ దాటి సముద్రం వైపు వెళ్తే ఎటు చూసినా గాజు కప్పులే, వాటి కింద పంటలు పెంచుతారు. శీతాకాలం రాత్రుళ్ళు లోపల దీపాలు వేస్తే పైన ఆకాశమంతా నారింజ రంగులోకి తిరుగుతుంది. మా క్లయింటు ఆ గ్రీన్‌హౌసుల్లో నడిచే బండ్లు తయారు చేస్తాడు. సాళ్ళ మధ్య నేల మీద వేడినీళ్ళ గొట్టాలు ఉంటాయి, చలికి వెచ్చదనమిచ్చే ఆ గొట్టాలే బండ్లకి పట్టాలు. మొదటిసారి చూసినప్పుడు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఒకే ఇనుముతో రెండు పనులు. ఆ బండి ఎక్కి పనివాళ్ళు పది మీటర్లు దాటిన తీగలకి ఆకులు తుంచుతారు, కాయలు కోస్తారు. ఏ కాయలనుకున్నారు? టమాటాలే. మదనపల్లె దగ్గర టమాటా తోటలో పెరిగినదాన్ని, ఇన్ని వేల కిలోమీటర్లు వచ్చి మళ్ళీ టమాటా సాళ్ళ మధ్యే నిలబడ్డాను.

ఆయన ఆలోచన ఏమిటంటే, ప్రతి బండికీ ఒక టచ్‌స్క్రీన్ పెట్టాలి, ఆకు మీద పురుగు కనబడగానే పనివాళ్ళు అందులో గుర్తు పెట్టాలి. నేను రెండు రోజులు పనివాళ్ళ వెంట తిరిగాను. ఎక్కువమంది పోలండ్ వాళ్ళు. వాళ్ళ చేతులు చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. టమాటా ఆకు తుంచితే చేతికి ఒక జిగురు అంటుతుంది, మొదట పసుప్పచ్చగా ఉండి గంటలో నల్లగా అట్ట కడుతుంది. గ్లవ్స్ వేసుకున్నా ఆ గ్లవ్స్‌కి అంటుతుంది. సబ్బుకి ఒక పట్టాన లొంగదు. మా ఇంట్లో పచ్చికాయ ఒకటి చిదిమి ఆ రసంతో రుద్దుకునేవాళ్ళం, అప్పుడు గానీ వదిలేది కాదు. ఆ చేత్తో స్క్రీన్ ముట్టుకుంటే నాలుగు సాళ్ళు తిరిగేసరికి దాని మీద ఏమీ కనబడదు. ఇది ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేని సంగతి. నోట్‌బుక్‌లో రాసి, కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

తర్వాతి వారం మీటింగు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. తండ్రి పెట్టిన కంపెనీ. నమూనా కోసం పన్నెండు స్క్రీన్లు ఆర్డరు పెడదామనుకుంటున్నానని చెప్పి, అందరినీ వదిలేసి నావైపే తిరిగి, "నువ్వు లోపల తిరిగావుగా, నీకేమనిపిస్తోంది?" అని అడిగారు. ఆయన కళ్ళలో ఎంత సంతోషం ఉందో నాకు కనబడుతూనే ఉంది. "ఆలోచన బాగుంది, ఇంకొంచెం చూద్దాం" అన్నాను. ఆయన తలూపి, ఆ మధ్యాహ్నమే ఆర్డరు పెట్టేశారు.

ఇక్కడ ఒక్కమాట చెప్పుకోనివ్వండి. మనలో 'చూద్దాం' అంటే ఏమిటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొత్త సైకిలు కొనిపెట్టమంటే నాయన "చూద్దాంలే" అన్న రోజునే నాకు ఆ సైకిలు రాదని తెలుసు. మా అక్కకి ఒక సంబంధం వస్తే, నచ్చలేదని మా వాళ్ళు ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు. పదిహేను రోజులు ఊరుకున్నారు. అవతలివాళ్ళకి అర్థమైంది, తర్వాత పెళ్ళికి పిలిస్తే వచ్చి భోంచేసి వెళ్ళారు కూడా. ఎవరి పరువూ పోలేదు, ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. చెప్పేవాడు సగం చెప్తాడు, వినేవాడు మిగతా సగం వింటాడు. అది దాచడం ఎలా అవుతుంది? తండ్రి వయసున్న మనిషిని, ఆయన మనుషుల ముందే, నిన్నగాక మొన్న చేరిన పిల్ల "ఇది పనికిరాదు" అంటే మన దగ్గర ఆ పిల్లని ఏమంటారు?

కారులో ఇదంతా చెప్పలేకపోయాను. "సారీ" అన్నాను. "సారీ వద్దు. నాకు కారణం కావాలి" అంది. ఇంకో కారణం కూడా ఉంది, అదీ చెప్పలేదు. జుక్‌యార్ అయిపోయాక నేను ఈ దేశంలో ఉండాలంటే కంపెనీ నాకు స్పాన్సర్‌గా నిలబడాలి. యూరప్ బయటి వాళ్ళకి చదువు ఫీజు ఏడాదికి 20,000 యూరోలు దాటింది, దానికోసం నాయన పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. పెద్ద క్లయింటు మొహం మాడితే ఆ స్పాన్సర్ కాగితం ఏమవుతుందోనన్న టెన్షన్ నా కడుపులో ఉంది. ఉన్నమాట మొహం మీదే అనేయడం మాకు అలవాటని ఇక్కడి వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. వాళ్ళు ఏం మాట్లాడినా ఆ సాయంత్రం వాళ్ళ ఇంట్లోనే పడుకుంటారు. మాట నచ్చకపోతే దేశం వదలాల్సిన మనిషికీ, వాళ్ళకీ ధైర్యం ఒకే ఖరీదు కాదు. ఈ మాట నేను గట్టిగానే అంటాను.

అయినా రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా సంస్థలో నాకు చాలా నచ్చిన పని ఒకటుంది, అది ఈ వాదనంతటికీ అడ్డం వస్తోంది. ఇక్కడ డబ్ల్యూబీఎస్ఓ అని 1994 నుంచి ఒక రాయితీ ఉంది. పరిశోధన మీద పనిచేసిన గంటలకి కంపెనీ కట్టాల్సిన జీతాల పన్నులో కొంత తగ్గిస్తారు. ఆ దరఖాస్తులో కంపెనీ ఎంత గొప్పదో రాస్తే ఉపయోగం లేదు. ఏ సాంకేతిక చిక్కు దగ్గర ఆగిపోయారు, దాన్ని ఎలా విప్పాలనుకుంటున్నారు, అందులో మీకు కొత్త ఏమిటి అని అడుగుతారు. సమాధానం ముందే తెలిసిన పనికి రాయితీ రాదు. మొదటిసారి ఆ ఫారం నింపినప్పుడు చెయ్యి ఆగిపోయింది. 'మాకు ఇది ఇంకా తెలియదు' అని ప్రభుత్వానికి రాసి ఇస్తే, వాళ్ళు చదివి డబ్బు వదులుకుంటారా! మన దగ్గర ఏ ఆఫీసులో అయినా తెలియదని రాస్తే ఆ కాగితం అక్కడే తిరిగొచ్చేస్తుంది. అలాంటి ఫారాలు నాలుగు నా చేత్తో రాశాను, అందులోని చిక్కులన్నీ వేరేవాళ్ళవి కాబట్టి ధైర్యంగా రాశాను.

డెల్ఫ్ట్‌లో రెండు వజ్రాల బొమ్మ గీయించేవారు, బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ వాళ్ళు 2004లో తెచ్చినది. మొదటి వజ్రం సమస్య ఏమిటో పట్టుకోవడానికి, రెండోది దానికి పరిష్కారం వెతకడానికి. బొమ్మ నేను బాగానే గీసేదాన్ని. మొదటి వజ్రంలో దొరికినదాన్ని ఒక పెద్దాయన సంతోషం ముందు ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పన్నెండు స్క్రీన్లు. ఆయన నా 'చూద్దాం'లో మిగతా సగం వినలేదు, వినాలని ఆయనకి ఎవరూ నేర్పలేదు. నేను ఆయన మర్యాద కాపాడాననుకున్నాను. ఆ మర్యాదకి ఆయన జేబులోంచి డబ్బు పోయింది.

వచ్చే మంగళవారం నేనొక్కదాన్నే వెళ్తానని సీనియర్‌ని అడిగాను. "సరే" అంది, అంతే.

వెళ్ళి ఆయన్ని గ్రీన్‌హౌసులోకి రమ్మన్నాను. మీటింగు గదిలో చెప్పే ధైర్యం అప్పటికీ లేదు, నిజానికి చెప్పాల్సిన చోటు కూడా అది కాదు. ఒక సాలులో నిలబడి పావుగంట ఆకులు తుంచాను. ఆ చేత్తో స్క్రీన్ మీద నాలుగుసార్లు నొక్కి, ఏమీ మాట్లాడకుండా ఆయనకి చూపించాను. ఆయన వంగి చూశారు. తనూ రెండు ఆకులు తుంచి వేలు పెట్టి చూశారు. తర్వాత అడిగారు:

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మీటింగుకి ముందు నుంచే."

చాలాసేపు మాట్లాడలేదు. స్క్రీన్లు వెనక్కి తీసుకోరని, ఒక్కొక్కటి ఎంత అయిందో చెప్పారు. ఆ అంకె ఇక్కడ రాయలేను. కోప్పడలేదు, పర్లేదని కూడా అనలేదు. నేను కింది గుత్తిలోంచి ఒక పచ్చికాయ తెంపి చిదిమి, ఇలా రుద్దుకోండి పోతుందని చూపించాను. చెయ్యి తెల్లబడుతుంటే ఆయన దాన్నే చూస్తూ ఉన్నారు. పెద్ద పెద్ద మీటలు పెడితే మోచేత్తో నొక్కొచ్చేమో వచ్చే వారం వచ్చి చూడమన్నారు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

"తిన్యావా పాపా?"

"తిన్నా నాయనా. ఈ కోత కాయ మార్కెట్‌కి పోయిందా? ధర ఎట్లుంది?"

"చూద్దాంలే పాపా. నీ పని ఎట్లుంది?"

ఆ 'చూద్దాంలే' వినగానే నాకు తెలిసిపోయింది. ఎప్పుడూ అయితే నేనూ ఊరుకుని, బాగుంది నాయనా అని అమ్మకి ఫోన్ ఇమ్మనేదాన్ని.

"చూద్దాం కాదు నాయనా. క్రేటు ఎంతకి పోయింది?"

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత చెప్పాడు. "ఎనభై. కోత కూలికి కూడా రాలా."