పొలం కాలనీ అయ్యేటప్పుడు ముందు గీయాల్సింది నీళ్ల దారి

తరతరాలుగా దున్నుకున్న పొలాన్ని కాలనీ చేద్దామని ఒక కుటుంబం అనుకోగానే మొదలయ్యేది ప్లాట్ల లెక్క. ఎకరానికి ఎన్ని ప్లాట్లు వస్తాయి, రోడ్డు ఎంత వెడల్పు, పార్కుకి ఎంత వదలాలి? ఆ లెక్క అవసరమే. కానీ దానికంటే ముందు, ఆ పొలంలోకి నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో నక్షా మీద గీసుకోవాలి. కాలనీ కట్టిన కొన్నేళ్లకు గోడలు బీటలు వారినా, రోడ్డు కుంగినా, వానొస్తే గుమ్మం దాకా నీళ్లొచ్చినా, చాలాసార్లు కారణం ఈ పని వదిలేయడమే.

సర్వే చేయించేటప్పుడు హద్దు రాళ్లతో ఆపకండి. అర మీటరు కంటూర్లు, అంటే ప్రతి అర మీటరు ఎత్తు తేడాకు సమాన ఎత్తున్న చోట్లను కలుపుతూ ఒక గీత, కావాలని ముందే చెప్పండి. భూమి మరీ చదునుగా ఉంటే పావు మీటరు కంటూర్లు అడగండి. ఆ నక్షా పట్టుకుని, పొలం దున్నిన మనిషిని వెంటబెట్టుకుని ఒకసారి మొత్తం తిరగాలి. ట్రాక్టరు ఎక్కడ దిగబడేది? ఏ చెక్క అన్నిటికంటే ఆలస్యంగా ఆరేది? ఏ గట్టు ఏటా తెగేది? ఈ మూడింటికి వచ్చే జవాబులు ఏ యంత్రమూ ఇవ్వదు. అలాగే పూడ్చేసిన బావులు, పాత పెంటగుంటలు, డీజిల్ పీపాలు ఉంచిన చోటు, పురుగుమందు కలిపిన చోటు కూడా గుర్తు పెట్టించాలి. పాత పండ్లతోటలైతే మట్టిలో ఆర్సెనిక్, సీసం ఉన్నాయేమో తప్పకుండా పరీక్ష చేయించాలి. డీడీటీ అనే పురుగుమందు రాకముందు ఆపిల్ తోటల్లో లెడ్ ఆర్సెనేట్ అనే, సీసం, ఆర్సెనిక్ కలిసిన పురుగుమందు విరివిగా చల్లేవారు. అది కుళ్లిపోయేది కాదు, దశాబ్దాలు గడిచినా పైపొరల్లోనే ఉండిపోతుంది.

ఇక నీళ్ల లెక్క. ఒక ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 2 లక్షల లీటర్లు. సాగులో ఉన్న మామూలు చేను అందులో మూడో వంతు బయటికి వదులుతుందనుకుందాం, మిగతాది ఇంకుతుంది. కప్పులు, రోడ్లు, సిమెంటు వాకిళ్లు వచ్చాక మూడింట రెండు వంతులు పారుతుంది. అంటే పది ఎకరాల కాలనీలో ఒక్క వానకు అదనంగా 6, 7 లక్షల లీటర్లు. పైగా అవి ఇంతకుముందు కంటే చాలా త్వరగా, ఒక్కసారిగా వస్తాయి. దిగువ పొలం వాళ్లతో తగాదా ఇక్కడే మొదలవుతుంది. ఈ తేడాను ఆపి నెమ్మదిగా వదలాలంటే మీటరు లోతున సుమారు 700 చదరపు మీటర్ల నీళ్లగుంట కావాలి. చుట్టూ వాలు కట్టలు, నడిచే దారి కలిపితే పావు ఎకరం పైనే పోతుంది. ఆ పావు ఎకరం అన్నిటికంటే పల్లపు చోటే ఉండాలి. అమ్ముడుపోని మూల ఉందని మెరకలో కేటాయిస్తే నీళ్లు అక్కడికి ఎక్కవు. గుంట అడుగున చిన్న తూము, పైన కట్ట తెగకుండా వెడల్పాటి అలుగు, రెండూ పెట్టాలి. పని జరిగినన్నాళ్లూ బురద చేరేది ఆ గుంటలోకే కాబట్టి ఇళ్లు అప్పగించే ముందు పూడిక తీయించడం మరవకూడదు.

నీళ్ల కాలువను ప్లాట్ల వెనక భాగాల గుండా తీసుకెళ్లి, ఎవరి ప్లాటులో ముక్క వారికి రాయడం చాలా పెద్ద పొరపాటు. ఎవరో ఒకరు దానికి అడ్డంగా ప్రహరీ కడతారు, పైనున్న ఇళ్లన్నీ మునుగుతాయి. కాలువ స్థలం ఉమ్మడి స్థలంగానే ఉండాలి, దస్తావేజుల్లోనూ అలాగే రాయాలి. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 1970ల్లో సాగుభూమిలో కట్టిన విలేజ్ హోమ్స్ కాలనీ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. వాననీటికి భూగర్భ పైపులు కాకుండా ఇళ్ల నడుమ గడ్డి పెరిగే లోతులేని ఉమ్మడి కాలువలు వదిలారు. పనిచేస్తుందా అని అధికారులు మొదట్లో సందేహించారు, కానీ పనిచేసింది.

కొన్ని పొలాల్లో అదనపు నీరు తీయడానికి ఎప్పుడో పాతిన మట్టిగొట్టాలుంటాయి. పునాది తవ్వుతుంటే జేసీబీ బకెట్ అంచున జానెడు వెడల్పు ఎర్రటి గొట్టం విరిగి, సన్నటి ధారగా నీళ్లు కారుతుంటే పని ఆపండి. మట్టి పోసి మూసేస్తే ఆ నీరు ఎగువన ఇంకో ఇంటి పునాది కింద తేలుతుంది. గొట్టం రెండు కొనలూ వెతికి, కొత్త పైపుతో కలిపి, కాలువలోకి మళ్లించాలి.

పైమట్టి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ పారేసేది దాన్నే. ఎకరానికి 15 సెంటీమీటర్ల మందాన తీస్తే 600 ఘనమీటర్లు. తవ్వాక పొంగి 750 అవుతుంది, చిన్న టిప్పరుకు 120 ట్రిప్పుల పైమాటే. దాన్ని కింది మట్టితో కలపకుండా విడిగా పోయాలి. కుప్ప ఎత్తు 2 మీటర్లు దాటకూడదు, దాటితే లోపల గాలాడక మట్టిలో జీవం చచ్చిపోతుంది. నెలల తరబడి ఉంచాలంటే పైన జనుము చల్లండి. తడిగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోవద్దు. గుప్పెడు మట్టి తీసుకుని అరచేతుల మధ్య దారంలా పేనండి. అగ్గిపుల్ల అంత సన్నగా, 3 మిల్లీమీటర్లకు వచ్చినా విరగకుండా సాగుతుంటే ఇంకా తడి ఉన్నట్టు. అప్పుడు యంత్రం ఎక్కితే మట్టి ఇటుకలా గట్టిపడుతుంది. ఆ దశకు రాకముందే పొడిపొడిగా విరిగితే పని మొదలుపెట్టవచ్చు.

మెరక తీసి పల్లం నింపేటప్పుడు మీటరు మందం ఒకేసారి పోసి పైన రోలర్ తిప్పితే పైన గట్టిగా, అడుగున గుల్లగా ఉంటుంది. రెండు మూడు వానాకాలాలకు కుంగుతుంది. 20 నుంచి 30 సెంటీమీటర్ల పొరలుగా పోసి, సరైన తేమలో తొక్కించి, ప్రాక్టర్ పరీక్షలో (ఆ మట్టి ఎంత గట్టిగా కుదురుతుందో ల్యాబులో తేల్చే పరీక్ష) తేలిన గరిష్ఠ సాంద్రతలో 95 శాతం వచ్చాకే తరవాతి పొర పోయాలి. ఆ కాగితాలు కుటుంబం దగ్గరా ఒక ప్రతి ఉండాలి. నల్లరేగడిని ఇళ్ల కింద నింపుడుకు వాడకండి, తడికి ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. దిగుడు బావిని చెత్తతో, కొమ్మలతో పూడ్చి పైన ప్లాటు గీయడం కొన్నవాళ్లకు అన్యాయం. అడుగున కడిగిన కంకర, పైన బంకమట్టి లేదా సిమెంటు బిరడా వేసి, ఆ చోటు పార్కులో కలిపేయాలి.

ఉంచుకోదలచిన చెట్లకు యంత్రాలు రాకముందే కంచె కట్టాలి. ఛాతీ ఎత్తున కాండం అడ్డుకొలతకు 12 రెట్ల వ్యాసార్ధం వదలండి, అర మీటరు కాండానికి 6 మీటర్లు. వేళ్ల మీద కాస్త ఎత్తుగా మట్టి పోసినా చెట్టు వెంటనే చావదు. మూడు నాలుగేళ్లకు ఎండుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇళ్లు లేచాక పెరళ్లలో నేల లారీల బరువుకు బిగుసుకుపోయి ఉంటుంది. దాని మీద నేరుగా పైమట్టి పరిస్తే నీరు ఆ రెండు పొరల మధ్యే నిలిచి మొక్కల వేళ్లు కుళ్లుతాయి. ముందు 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతున రిప్పరుతో (యంత్రానికి తగిలించే ఇనప కొక్కేల పనిముట్టు) చీల్చి, ఆ తరవాత దాచిన మట్టిని 15 సెంటీమీటర్ల మందాన పరవాలి, మళ్లీ రోలర్ ఎక్కించకూడదు. పెరళ్లకు ప్రహరీలు కట్టాక రిప్పరు లోపలికి వెళ్లదు కాబట్టి ఈ పని గోడల కంటే ముందే పెట్టుకోండి.