పాత సర్వర్‌కు కొత్త డిస్కులు: మండపేట మిల్లులో మూడు రాత్రులు

సార్వా కోతలు మొదలు కావడానికి సరిగ్గా మూడు వారాల ముందు, మండపేట దగ్గర ఒక రైస్ మిల్లు ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. సర్వర్‌లో ఖాళీ 11 జీబీలకు పడిపోయిందని, కాటా బిల్లులు ఎక్కించేటప్పుడు కంప్యూటర్లు నిలిచిపోతున్నాయని గుమస్తా గారు చెప్పారు. ఆ సర్వర్ పదేళ్లు దాటిన డెల్ పవర్‌ఎడ్జ్ టీ310. అందులో 500 జీబీల డిస్కులు రెండు, ఒకదానికి ఒకటి నకలుగా, అంటే రెయిడ్ 1 పద్ధతిలో పనిచేస్తున్నాయి. ముందు వైపు ఉన్న నాలుగు గూళ్లలో రెండు మొదటి నుంచీ ఖాళీగానే ఉన్నాయి.

లెక్కల ఫైళ్లు పెద్దవి కావు. స్థలాన్ని తినేసినవి కాటా ఫొటోలు. మిల్లులోకి వచ్చే ప్రతి లోడుకూ బండి ముందు, వెనుక, లోడు పైభాగం, తూకం అంకెలు కలిపి నాలుగు ఫొటోలు తీసి దాచే పద్ధతి పెట్టుకున్నారు. ఫొటో 3 ఎంబీల చొప్పున రోజుకు 120 లోడ్లు వస్తే దాదాపు ఒకటిన్నర జీబీ అవుతుంది. సార్వా, దాళ్వా రెండు పంటల హడావిడీ కలిస్తే ఏడాదికి ఎంత చేరుతుందో ఊహించుకోవచ్చు. రైతుకు తూకంపై అనుమానం వచ్చినప్పుడు చూపించవలసిన ఆధారాలు కాబట్టి వాటిని చెరిపివేయడానికి యజమాని గారు ఒప్పుకోలేదు. ఆయన పట్టుదల నాకు న్యాయంగానే తోచింది.

నేను వెళ్లేసరికే వారి అబ్బాయి ఆన్‌లైన్‌లో 4 టీబీల డిస్కు ఒకటి తెప్పించి ఉంచారు. దానిని ఖాళీ గూటిలో పెట్టి చూస్తే, డిస్కులను నడిపించే కంట్రోలర్ కార్డు 2 టీబీలకు మించి గుర్తించలేదు. డిస్కులో లోపమేమీ లేదు. ఆ సర్వర్‌లో ఉన్నది పెర్క్ 6/ఐ కంట్రోలర్. అది డిస్కులోని సెక్టార్లను, అంటే సమాచారం రాసే చిన్న చిన్న గడులను, 32 బిట్ల సంఖ్యతో లెక్కపెడుతుంది, అంటే 429 కోట్ల 49 లక్షల సెక్టార్ల దగ్గర దాని లెక్క ఆగిపోతుంది. ఒక్కో సెక్టారు 512 బైట్లు కనుక, మొత్తం 2.2 టీబీల దగ్గర గోడ కట్టినట్టే. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినా, పెద్ద డిస్కులను విభజించడానికి వాడే జీపీటీ పద్ధతిలో పార్టిషన్ చేసినా ఆ గోడ కదలదు, ఎందుకంటే అది విండోస్ కంటే కిందనే, కార్డులోనే ఉంది. పాత సర్వర్‌కు డిస్కు కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది కంట్రోలర్ పేరు. డిస్కు ధర, పరిమాణం ఆ తరువాతి మాట. ఇదే కాలపు చాలా పాత కార్డులకు ఇదే పరిమితి ఉంది.

ఇక ఎలా పెంచాలన్న ప్రశ్న. పాత జతకు మరో డిస్కు కలిపి, సమాచారాన్ని మూడింటిపైనా పంచి రాసే రెయిడ్ 5గా మార్చి విస్తరించే సదుపాయం కార్డులో ఉంది, పుస్తకం ప్రకారం అది సరైన పనే. నేను మాత్రం వద్దన్నాను. అలా మార్చేటప్పుడు పదేళ్ల వయసున్న రెండు డిస్కులూ మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా గంటల తరబడి ఏకబిగిన చదవాలి, రాయాలి. ఇన్నేళ్లలో ఎన్నడూ తాకని మూలల్లో ఎక్కడ చెడు సెక్టారు దాగి ఉందో ఎవరికీ తెలియదు. ముసలి ఎడ్ల చేత దమ్ము చేయించినట్టు అవుతుంది ఆ పని. అందుకని పాత జతను కదపకుండా, ఖాళీగా ఉన్న రెండు గూళ్లలో 2 టీబీల డిస్కులు రెండు పెట్టి వాటిని వేరే రెయిడ్ 1 జతగా చేయాలని, లెక్కలు పాత చోటనే ఉంచి ఫొటోలను మాత్రం కొత్త జతకు తరలించాలని నిర్ణయించాం. రెండు డిస్కులు కొని ఒక డిస్కు స్థలమే వాడుకోవడం వృథా అని అబ్బాయి అన్నారు కానీ, ఒకటి పోయినా మిల్లు ఆగదన్న మాటకు యజమాని గారు వెంటనే ఒప్పుకున్నారు.

2 టీబీల సర్వర్ తరగతి డిస్కులు, అందులోనూ సమాచారం రాసే వలయాలైన ట్రాకులు ఒకదాని మీద ఒకటి కప్పుకోని సీఎమ్ఆర్ రకానివి, ఇప్పుడు అన్ని దుకాణాల్లో దొరకడం లేదు. కప్పుకునే ఎస్ఎమ్ఆర్ రకం చవకే. కానీ ఒక డిస్కు పోయి మరొకటి నింపవలసి వచ్చినప్పుడు దాని రాత బాగా నెమ్మదించి, జత నుంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. ఒక దుకాణం నుంచి కొత్తవని చెప్పి పంపిన రెండింటిలో ఒకదానిని నేను ముందుగా వేరే కంప్యూటర్‌కు తగిలించి, డిస్కు తన వాడకాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాలు చదివితే, అది 41,000 గంటలు నడిచినట్టు తేలింది. అంటే ఇంచుమించు నాలుగేళ్ల ఎనిమిది నెలలు రాత్రింబవళ్లు తిరిగిన డిస్కు. పైన అంటించిన లేబుల్ మాత్రం మెరుస్తూనే ఉంది. నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే అలా చదివి చూసే అలవాటు లేనివారు దానినే నమ్మి సర్వర్‌లో పెట్టేస్తారు. దానిని తిప్పి పంపి, వేరే చోట మరో రెండు తెప్పించేసరికి వారం గడిచింది.

మొదటి రాత్రంతా బ్యాకప్‌కే సరిపోయింది. సర్వర్‌లో ఉన్నది యూఎస్‌బీ 2.0 కనుక సెకనుకు 30 ఎంబీలకు మించి వేగం రాలేదు, 400 జీబీలు ఎక్కడానికి నాలుగు గంటలు పట్టింది. నకలు పూర్తయిందన్న సందేశం చూసి నేను ఎన్నడూ ఊరుకోను. గుమస్తా గారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, “బాబూ, పాత లెక్కలకేమీ కాదు కదా?” అని రెండోసారి అడిగారు. “మీ ఎదుటే తెరిచి చూపిస్తానండి, మీరు సరేనన్నాకే స్క్రూ విప్పుతాను” అన్నాను. ఆ యూఎస్‌బీ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి నిరుటి దాళ్వా ఖాతా తెరిచాం. ఆయన తన చేతిరాత పుస్తకంలోని ముగింపు నిల్వను వేలితో చూపిస్తూ, తెరపై అంకెతో పైసలతో సహా సరిచూసుకుని, “ఆయ్, ఇప్పుడు కానివ్వండి” అన్నారు.

రెండో రాత్రి ఖాళీ గూళ్ల మూతలు తీశాను. లోపల తవుడు పొడి, ఊక నుసి, వానాకాలపు చెమ్మ కలిసి గోధుమ రంగు ముద్దలా, వేలితో లాగితే చాపలా లేచి వచ్చేట్టు పేరుకుని ఉంది. వెనుక ఫ్యాన్ రెక్కల అంచులకు కూడా అదే. సర్వర్‌ను ఆపి, వరండాలోకి తెచ్చి, మెత్తని బ్రష్షుతో, బ్లోయర్‌తో శుభ్రం చేయడానికే గంట పట్టింది. కొత్త డిస్కులను క్యాడీలకు, అంటే వాటిని పట్టి ఉంచే చట్రాలకు, నాలుగేసి స్క్రూలతో బిగించి గూళ్లలోకి తోస్తే, గడియ పడిన చప్పుడుతో కూర్చున్నాయి. ఈ గూళ్ల వెనుక ఉన్నది సర్వర్ డిస్కుల కోసం చేసిన సాస్ సాకెట్, మామూలు కంప్యూటర్లలో వాడే సాటా డిస్కు కూడా అందులో ఇమిడిపోతుంది. సాస్ డిస్కు మాత్రం మామూలు సాటా సాకెట్‌లో కూర్చోదు. కంట్రోల్, ఆర్ మీటలు కలిపి నొక్కి కార్డు మెనూలోకి వెళ్లాక, తొందరపడకుండా గూళ్ల సంఖ్యలు కాగితంపై రాసుకుని, 2, 3 గూళ్లలోని వాటితోనే కొత్త జత చేశాను. పాత జత 0, 1 గూళ్లలో ఉంది. పొరపాటున ఆ వరుసలో వేలు పడితే పదేళ్ల లెక్కలు పోతాయి. జత తయారీ తెల్లవారేదాకా సాగింది.

మూడో రాత్రి ఫొటోల తరలింపు. విండోస్‌లోని రోబోకాపీ అనే నకలు ఆదేశంతో, ఫైళ్లు ఎవరు తెరవవచ్చన్న అనుమతులు కూడా చెడకుండా నకలు చేసి, ఫైళ్ల సంఖ్య రెండు చోట్లా సరిపోయాక, పాత ఫోల్డర్ పేరు మార్చి ఉంచాను, చెరపలేదు. మిగతా కంప్యూటర్లు ఆ ఫోల్డర్‌ను చేరే షేర్ పేరు మాత్రం పాతదే కొత్త చోటికి ఇచ్చాను కనుక, కాటా గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయికి మర్నాడు ఏ తేడా తెలియలేదు.

మిగిలినది కార్డు మీది బ్యాటరీ. అది ఎప్పుడో పోయింది. బ్యాటరీ లేనప్పుడు కార్డు ప్రతి రాతనూ నేరుగా డిస్కుపైకే పంపుతుంది, అందుకే కాస్త నెమ్మది. బ్యాటరీ లేకపోయినా రాతలు కార్డులోని తాత్కాలిక జ్ఞాపకమైన క్యాష్‌లోనే ఆగేట్టు బలవంతం చేసే మీట ఒకటి ఉంది, కానీ కరెంటు పోతే అందులోవి పోతాయి. తుపాను గాలికి రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే మన ప్రాంతంలో నేను దానిని ముట్టుకోను. కొత్త బ్యాటరీ వచ్చేదాకా ఆ నెమ్మదినే భరించమని చెప్పాను.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను అందరం చూశాం కనుక, బ్యాకప్ డిస్కు మిల్లులోనే ఉండకూడదని అడిగాను. ఇప్పుడు అలాంటివి రెండు ఉన్నాయి. ఒకటి ఆఫీసు బీరువాలో ఉంటే రెండోది మెట్ట మీద, పెద్దాపురంలో యజమాని గారి అమ్మాయి ఇంట్లో ఉంటుంది. నెలకొకసారి ఆదివారం నాడు గుమస్తా గారు బస్సులో వెళ్లి వాటిని మార్చి తెస్తున్నారు.